కుడిపక్క గౌరి నోము

అక్షతలు చేత పట్టుకొనుడు. నోటిలో మాత్రము ఏమియు పెట్టుకొనకుడు. కథ ముగియువరకు ప్రసాదపు గిన్నె వంక చూడరాదు.

పూర్వము ఉసిరికవనమున స్థూలోదరుడను మునియు, లఘ్వాశనుడను మునియు పక్కపక్క పర్ణశాలలలో తపస్సు చేసికొనుచుండిరి. ఒకనాడు స్థూలోదరుడు నమస్కరించుటకు లేవబోయి, లేవలేక, కూర్చుండియే చేతులు జోడించి, "మహాత్మా, కలియుగమున నరులు కూర్చున్నచోటు కదలక, దొరికినదెల్ల తినుచు, లోపలనున్న కాలేయమును మరచిపోదురట. అది చాలకాలము నొప్పియనదు, మూలుగదు. అట్టి నోరులేనిదానిని కాపాడుకొనుటకు ఏదైన నోము కలదా?" యని అడిగెను. లఘ్వాశనుడు ఆయన బొజ్జను ఒకమారు చూచి, "అడుగవలసినవారే అడిగితిరి. కుడిపక్క గౌరి నోమొకటి కలదు, వినుడు" అని ఇట్లు చెప్పదొడగెను.

నవనీతపురమను పట్టణమున ఘృతగుప్తుడను నేతివర్తకుడు కలడు. ఆయన భార్య మందాకిని. ఘృతగుప్తుడు పొద్దుననే బూరెలు, మధ్యాహ్నము నేతిలో మునిగి తేలు పులిహోర, దానిపైన అరిసెలు ఆరగించి, అరుగుదలకని సాయంకాలము ద్రాక్షాసవము పుచ్చుకొనెడివాడు. అరుగుదల ఎట్లున్నను ఆసవపు కుండ మాత్రము నెలనెలకు పెద్దదాయెను. ఇంటినుండి దుకాణమునకు నలుబది అడుగులు. ఆ నలుబది అడుగులకును ఆయన పల్లకి ఎక్కెడివాడు. మోసి మోసి బోయీల పాదములు నేలలో దిగబడగా, ఆ గుంటలలో వానకాలమున జనులు చేపలు పట్టిరట. చూచినవారు చెప్పిన మాట, నేను కల్పించినది కాదు.

ఒకనాడు ముసలి పేరంటాలొకతె ఆ ఇంటికి వచ్చి, భిక్ష అడుగక, తిన్నగా ఘృతగుప్తుని చెంతకు పోయి, కుడివైపు పక్కటెముకల క్రింద వ్రేలితో పొడిచెను. ఆయన ఉలికిపడి కేక వేసెను.

"ఇక్కడ ఒక ఆడకూతురు కాపురం ఉంటోంది నాయనా," అని ముసలిది పలికెను. "నువ్వు తిన్నదీ తాగిందీ ఒంటిచేత్తో వడపోస్తోంది. ఇన్నేళ్ళూ పల్లెత్తు మాట అనలేదు. అది అనే రోజు వస్తే వినడానికి నువ్వుండవు."

ఇట్లని తొమ్మిది ముడుల పసుపుతోరము నొకదానిని ఇచ్చి, దానిని నడుమునకు కట్టుకొని, ప్రతిరోజును చెమట పట్టువరకు నడువవలెననియు, ఆకలి తీరగానే విస్తరి విడువవలెననియు, తీపిని నేతిని పండుగకు దాచి, ఆకుకూరను పప్పును దినదినము తినవలెననియు, ఆసవము ముట్టరాదనియు, తోరము బిగిసినచో నోము చెడినట్లనియు చెప్పి, గడప దాటి కానరాక పోయెను.

ఘృతగుప్తుడు నివ్వెరపోయెను. ఆ నివ్వెరపాటు తరువాతి పళ్ళెము వచ్చువరకు నిలిచెను. అంతట ఆయనకొక ఉపాయము తోచెను.

"ఏమే, ఈ నోము నువ్వు పట్టు. భార్య చేసిన పుణ్యంలో సగం మొగుడిదేగా."

"నేను నడిస్తే మీ బొజ్జ కరుగుతుందటండీ?" అని మందాకిని అడిగెను.

"శాస్త్రమంటే నీకు వేళాకోళంగా ఉందా?"

ఆమె తోరము కట్టుకొనెను. తెల్లవారుతూనే కోటచుట్టు నడచెను. సగము కడుపుననే విస్తరి విడిచి లేచెను. ఏడాది తిరుగునప్పటికి తోరము వదులై తుంటిపైకి జారెను. ఆమె మానిన బూరెలు భర్త పళ్ళెములోనికి చేరెను. సగము పుణ్యము, మొత్తము బూరెలు తనవేనని ఆయన మురిసిపోయెను.

ఒకనాటి ఉదయము ఘృతగుప్తుడు లేచునప్పటికి మొగము, గోళ్ళు, కనుగ్రుడ్లు పచ్చగా మెరయుచుండెను. పురజనులు చూచి నోళ్ళు తెరచిరి. నోము ఫలించి శెట్టిగారికి సువర్ణకళ వచ్చినదని శంఖములు ఊదిరి. కంసాలి గీటురాయి తెచ్చి ఆయన మోచేతిని గీసి చూచెను. ఘృతగుప్తుడు పీటపై కూర్చుండి, "చూశావటే, సగం వచ్చేసింది," అని భార్యతో అనెను. మందాకిని హారతి పళ్ళెము ఎత్తెను. ఆ వెలుగులో ఆయన కన్నులు చూడగానే ఆమె పళ్ళెమును దించివేసెను. ఎందుకో తనకే తెలియకుండెను.

అప్పుడు చాకలి నీలాలు పెరటిదారిన పంచె పట్టుకొని వచ్చి, శంఖముల నడుమ నిలిచెను.

"అమ్మా, రేవులో నీళ్ళన్నీ అయిపోయినయి, అయ్యగారి పంచెకున్న పసుపు ఒదల్లేదు. దేవుడి పసుపైతే రెండుతుకులకి పోద్ది. ఇది లోపల్నించి వస్తన్న పసుపమ్మా. మా మావకీ ఇట్టాగే వచ్చింది."

"ఇప్పుడెలా ఉన్నాడు మీ మావ?" అని మందాకిని అడిగెను.

"ఆయన పంచె ఉతకటం మానేసి మూడేళ్ళయింది తల్లీ."

శంఖము ఊదువాడు నోటినుండి శంఖము తీసెను. కంసాలి గీటురాయి కండువా చెంగున దాచుకొని వెడలిపోయెను.

తరువాత ఊరిలో తలకొక మందు చెప్పిరి. ఒకడు పేరు చెప్పరాని ఆకుల పసరు తెచ్చి, పరగడుపున మూడు దినములు పోసెను. మూడవనాటికి ఘృతగుప్తుని పొట్ట మద్దెలయ్యెను, కాళ్ళు స్తంభములయ్యెను, భార్య పేరునకు బదులు ఎద్దు పేరు పలికెను. చివరకు రాజవైద్యుని పిలిచిరి. ఆయన నాడి చూచి, పసరుకుండను వాకిట పగులగొట్టి, మొదటనే తన్ను పిలువక ఈ పసరు పోయించినందుకు అందరిని చీవాట్లు పెట్టి, లోపలి కాలేయము రాయియైనదనియు, ప్రాణము మూడు దినములకు మించి నిలువదనియు చెప్పిపోయెను.

ఏడాది పొడవున మందాకిని నడచిన నడకలో ఆవగింజంతయు ఆయనకు చేరలేదు. ఆమె పీటపై పసుపుముద్దగా నిలిపిన గౌరి ముందు కూర్చుండి, "తల్లీ, సగం ఆయనకి వస్తుందన్నారు. రాలేదు. అబద్ధం ఎవరిది?" అని అడిగెను.

పీటమీద పసుపుముద్ద ఉన్నచోట ఆ ముసలి పేరంటాలు కూర్చుండి యుండెను. "నడకలో సగం పంచలేనమ్మా. పస్తులో సగం పంచలేను. ఎవరిది వారే పడాలి. కానీ ఈ ఒంట్లో సగానికి కోసినా మళ్ళీ పెరిగేది ఒకటి ఉంది. ఇస్తావా?"

తాను బ్రతుకుదునా యని మందాకిని అడిగెను.

"బతుకుతావు. నొప్పి మాత్రం నీదే. కాపాడుకున్నావు గనక అడుగుతున్నాను. చెడగొట్టుకున్నవాళ్ళని అడిగి ఏం చేసుకోను?"

మందాకిని లేచి భర్త మంచము చెంతకు పోయి, చెవిలో, "శాస్త్రం నిజమేనటండీ. సగం మీదేనట," అని చెప్పెను. ఆమె కుడిపక్కన కొంగు తొలగించుట చూచిన ఘృతగుప్తునికి అప్పుడు తెలివి వచ్చెను. వలదని చెప్పుటకు నోరు పెగలకపోయెను. ఆయన కన్నులనుండి కారిన నీరును పచ్చగానే యుండెను.

దేవి గోటితో గీసి, ఇచ్చటి సగము అచ్చట పెట్టెను. అచ్చట నుండి తీసిన పాతదానిని దీపపు కుందిలో ఉంచగా, నేయి పోయకయే నలుబది దినములు దీపము వెలిగెనట. చూడవచ్చినవారందరు దీపము చూచి, తమ తమ కుడిపక్కలు తడుముకొనుచు ఇండ్లకు పోయిరి.

దీపము కొండెక్కునప్పటికి ఇద్దరిలోని సగములును పెరిగి నిండెను. ఘృతగుప్తుడు దుకాణమునకు నలుబది అడుగులు నడచిపోయెను. బోయీలకు నేతి దుకాణములో పని దొరకెను. పల్లకిపైకి ఆనపపాదు పాకించిరి.

ఆయన తానే తోరము కట్టుకొని ఏడాది నోచెను. ఉద్యాపననాడు బంధువులు బూరెల గంప దింపి, "నోము అయిపోయిందిగా శెట్టిగారూ, ఇహనేం, కానివ్వండి," అనిరి. ఆయన చేయి గంపలోనికి పోయెను. నడుమున తోరము చురుక్కున బిగిసెను. చేయి వెనుకకు తీసికొని, "నన్నడిగి లాభమేముందయ్యా. లోపలున్నది నాది కాదు. అదిగో, ఆవిడది. ఆవిణ్ణడగండి," అనెను.

అందరును మందాకిని వంక చూచిరి. ఆమె గంపనుండి ఒక్క బూరె తీసి, రెండుగా త్రుంచి, ఒక ముక్క ఆయన చేతిలో పెట్టి, "సగం మీది," అనెను. అది తిని ఇద్దరును కోటచుట్టు నడచుటకు పోయిరి.

కావున ఈ నోమునకు ఉద్యాపన లేదు. ఒకరి బదులు మరియొకరు చేయరాదు. కూర్చుండి బేరములాడువారు, కూర్చుండి వ్రాయువారు, అరుగుదలకని గుక్కెడు పుచ్చుకొనువారు, సన్నగానున్నాము మాకేల యనువారు, అందరును నోచవలెను. కన్ను పచ్చబడినచో పసరు జోలికి పోక వైద్యుని చూడవలెను. కన్ను పచ్చబడకున్నను ఏడాదికొకమారు చూడవలెను. ఇట్లు నోచినవారికి ఆకలి, నిద్ర, తేలికైన అడుగు, తమవారి కంట తడిలేకుండుట ఫలములు.

ఇట్లు లఘ్వాశనుడు ముగించునప్పటికి స్థూలోదరుడు ఆసనమున లేడు. ఉసిరికచెట్ల నడుమ రొప్పుచు మూడవ చుట్టు తిరుగుచుండెను.

అక్షతలు తలపై కాదు, కుడిపక్కన చల్లుకొనుడు. ప్రసాదము తలకు సగమే. తీసికొని, కూర్చుండక, ఇంటిచుట్టు ఒక ప్రదక్షిణము చేసి రండు.