గోడకున్న జల్లెడ

1963వ సంవత్సరం, ఎండాకాలం చివర. వానలింకా పడలేదు. నందికొట్కూరు దగ్గర ఒక పల్లెలో బోయ మద్దిలేటికి నాలుగెకరాల చేను గురించి నిద్ర పట్టడం మానేసింది.

ఆ చేను అతనిది కాదు. కర్నూలుకు పోయి స్థిరపడిన ఒక బడిపంతులుది. పదకొండేళ్లుగా మద్దిలేటి దాన్ని కోరుకు చేస్తున్నాడు. పండినదాంట్లో సగం పంతులుకు కొలిచేవాడు. మొదట్లో అది వట్టి రాళ్లదిబ్బ. అతనూ భార్య సుంకులమ్మా రాయి రాయీ ఏరి గట్టు మీద పేర్చారు. ఇప్పుడా గట్టు ఆమె భుజమెత్తు ఉంది.

ఆ ఎండాకాలం పంతులు కబురు పంపాడు. చేను అమ్మేస్తున్నాననీ, కష్టపడ్డవాడు కాబట్టి మొదట మద్దిలేటినే అడుగుతున్నాననీ, ఏరువాక పున్నమి దాకా ఆగుతాననీ, ఆ తర్వాత ఎవరు డబ్బు తెస్తే వాళ్లకు రాసిస్తాననీ.

సగం డబ్బు మద్దిలేటి దగ్గర ఉంది. మిగతా సగం అప్పు కోసం సహకార సొసైటీకి పోయాడు. గుమస్తా మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఇంతకు ముందు ఎక్కడ తీసుకున్నావు, ఎప్పుడు కట్టావు అని అడిగాడు.

"నేను ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు సార్," అన్నాడు మద్దిలేటి. ఆ మాట అన్నప్పుడల్లా అతని వెన్ను నిటారుగా అయ్యేది.

గుమస్తా దరఖాస్తు కాగితం మీద కలం ఆపాడు. "అట్లయితే ఈ గడిలో నేనేం రాయాలప్పా?"

చివరికి, ఊళ్లో భూమి ఉన్నవాళ్లు ఇద్దరు జామీను పడితే ఇస్తామని చెప్పి పంపాడు.

ఆ వెన్ను నిటారు కావడానికి ఒక కారణం ఉంది. మద్దిలేటి పసివాడుగా ఉన్నప్పుడు అతని నాయన ఎనిమిది రూపాయల బాకీకి శిక్షగా అంగడి ముందు వీపు మీద రాయి మోస్తూ మధ్యాహ్నం దాకా వంగి నిలబడ్డాడు. పక్కన నిలబడి చూసిన మద్దిలేటి అది మరిచిపోలేదు. పెద్దయి ఇల్లు కట్టుకున్నాక ఆ ఇంట్లోకి ఒకరి వస్తువు రానివ్వలేదు. పొయ్యి ఆరిపోతే పక్కింట్లో నిప్పుకణిక అడగనివ్వలేదు. తన దగ్గరికి ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం ఇచ్చేవాడు. తిరిగి తెస్తే, ఉంచుకోండని పంపేసేవాడు.

మొదట వడ్ల వీరాచారి దగ్గరికి పోయాడు. వీరాచారికి వడ్రంగంతో పాటు మూడెకరాలుంది. చేతిలో బాడిసె ఆపకుండానే అంతా విన్నాడు.

"నువ్వు మంచోడివే అబ్బీ, కాదనేదెవరు? కానీ ఇరవై ఏండ్లలో నీకు నేనొక ఉలి ఇచ్చి ఎరగను. నాగలి చేసిస్తే పైసలు చేతిలో పెట్టి తిరిగి చూడకుండా పోతావు. నాకు నువ్వు తెలిసేదెట్లా?"

మద్దిలేటి అక్కడి నుంచి తిన్నగా గురువు దగ్గరికి పోయాడు.

గురువంటే దూదేకుల పక్కీరప్ప. ఊరి చివర చిన్న దర్గా చూసుకుంటూ, విల్లుతో దూది ఏకి బతికే ముసలాయన. మద్దిలేటి ఆయన పాదాలు పట్టుకుని అప్పటికి తొమ్మిదేళ్లు. ప్రతి గురువారం ఒక కట్టెలమోపు తెచ్చి వేసి, జొన్నరొట్టెలూ బెల్లమూ కలిపి దంచిన మలీద అందరికీ పంచేదాకా కూర్చుని పోయేవాడు.

ఆ రోజు బుధవారం. మద్దిలేటి గోడు వెళ్లబోసుకున్నాడు. పక్కీరప్పకు సెంటు భూమి లేదు, ఆయన జామీను పనికిరాదు. కానీ ఊళ్లో పదెకరాలున్న లక్షుమవ్వకు ఆయనంటే గురి.

"ఆమెకు ఒక్క మాట చెప్పు తాతా. నీ మాట ఈ ఊళ్లో చెల్లుతుంది."

"నా మాట నాకు చెల్లుతుంది," అన్నాడు పక్కీరప్ప. వింటినారి మీద రెండు దెబ్బలు వేశాక మళ్లీ అన్నాడు: "రేపు మలీదకు పిండి జల్లించాల. పోయి లక్షుమవ్వనడిగి జల్లెడ తే. శుక్రవారం ఇస్తానని చెప్పు. నా పేరు చెప్పొద్దు, నీ పేరు మీద తే."

మద్దిలేటి గోడవైపు చూశాడు. అక్కడ మేకుకు ఒక జల్లెడ వేలాడుతోంది. అది అతను తెచ్చిందే. తొమ్మిదేళ్ల కిందట, శిష్యుడిగా చేరిన మొదటి వారం, పక్కీరప్ప అచ్చం ఇవే మాటలు చెప్పి లక్షుమవ్వ ఇంటికి పంపాడు. అతను ఆ ఇంటికి పోలేదు. సంతకు పోయి, సొంత డబ్బుతో కొత్త జల్లెడ కొనుక్కొచ్చి గురువు ముందు పెట్టాడు. ఇంకమీద ఒకరి గడప తొక్కాల్సిన పని లేదు తాతా అన్నాడు. పక్కీరప్ప బాగుందని మెచ్చుకుని దాన్ని మేకుకు తగిలించాడు. మరుసటి బుధవారం తనే కర్ర పట్టుకుని జల్లెడ కోసం లక్షుమవ్వ ఇంటికి నడిచాడు. ఆ తర్వాత ప్రతి బుధవారం నడిచాడు, ప్రతి శుక్రవారం తిరిగిచ్చాడు. ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాడు మద్దిలేటి.

ఇప్పుడు తను నడిచాడు.

"ఏం మద్దిలేటీ, దారి తప్పినావా? మా గడప కరవదులే, లోపలికి రా," అంది లక్షుమవ్వ.

జల్లెడ కావాలనీ, శుక్రవారం ఇస్తాననీ ఎట్లాగో చెప్పాడు. ఆమె లోపలికి పోయి తెచ్చి ఇచ్చింది.

గురువారం పొద్దున పిండి జల్లించడం అయింది, మలీద పంచడం అయింది. ఒకరి వస్తువు ఇంకా తన చేతిలోనే ఉందనే తలపు మద్దిలేటిని కూర్చోనివ్వలేదు. మధ్యాహ్నానికే దాన్ని దులిపి, తుడిచి, తీసుకుపోయి ఇచ్చేశాడు.

"శుక్రవారం అంటివి గదా," అంది అవ్వ.

"ఒక రోజు ముందే తెచ్చినా అవ్వా," అన్నాడు, కాస్త గర్వంగానే. ఆ ఊపులోనే జామీను సంగతి అడిగేశాడు.

ఆమెకు కోపం రాలేదు. వక్క నములుతూ నెమ్మదిగా చెప్పింది. కరువొచ్చిన ఏడు దర్గా దగ్గర గంజి కాయడానికి పక్కీరప్ప వచ్చి నిలబడితే, ధాన్యం పాతర మూత తీసి ఎంత కావాలంటే అంత తోడుకొమ్మన్నదట. మళ్లీ ఎప్పుడిస్తావని నోరు తెరిచి అడగలేదట.

"నీ సంగతి వేరు నాయనా. ఇస్తే తెస్తావో తేవో నాకు తెలియదు. తేవని అనడం లేదు. తెలియదంటున్నా, అంతే."

మద్దిలేటి దర్గాకు తిరిగొచ్చి గురువు ముందు కూలబడ్డాడు. చెప్పిన గడువు కంటే ముందే ఇచ్చినా ఆమె నమ్మలేదని చెప్పుకున్నాడు.

"ఏమని తెచ్చినావు?" అన్నాడు పక్కీరప్ప.

"శుక్రవారం ఇస్తానని."

"శుక్రవారం నువ్వు వస్తావో రావో ఆమె చూడాల్సింది. చూడనిచ్చినావా?"

మద్దిలేటి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పున్నమికి ఎనిమిది రోజులుంది. రేపటిది తీసేస్తే మిగిలింది ఒక్క శుక్రవారమే, అదీ పున్నమి రోజే.

"ఎన్ని శుక్రవారాలు కావాల తాతా?"

పక్కీరప్ప విల్లు పక్కన పెట్టాడు. మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. మేకుకున్న జల్లెడ తీసి మద్దిలేటి చేతుల్లో పెట్టి, మళ్లీ వచ్చి తన చోట కూర్చున్నాడు.

తీగల మధ్య సాలీడు గూడు కట్టి వదిలేసి పోయింది. మద్దిలేటి నోటితో ఊదాడు. దుమ్ము లేవలేదు; తీగలకు అంటుకుపోయి ఉంది. ఇంకోసారి ఊదాడు. ఆ తర్వాత దాన్ని మళ్లీ మేకుకు తగిలించి ఇంటికి పోయాడు.

మరుసటి బుధవారం ఎవరూ చెప్పకుండానే లక్షుమవ్వ ఇంటికి పోయి జల్లెడ అడిగాడు. శుక్రవారం పొద్దున పోయి ఇచ్చాడు. అదే పొద్దున పక్క ఊరి రైతు ఒకడు పంతులుకు డబ్బు కట్టి చేను రాయించుకున్నాడు. ఆ వారంలోనే గట్టు మీది రాళ్లు బండ్లకెత్తించి, తన పశువుల కొట్టానికి గోడ కట్టుకున్నాడు. సుంకులమ్మ వాకిట్లో నిలబడి ఆ బండ్లు పోతుంటే చూసింది.

ఆరేళ్ల తర్వాత మద్దిలేటి ఒక జత ఎద్దులు కొనుక్కోవడానికి లక్షుమవ్వ సొసైటీ జామీను కాగితం మీద వేలిముద్ర వేసింది. రెండో జామీను వీరాచారి పడ్డాడు, అడగకముందే. అప్పటికి పక్కీరప్ప లేడు.

ఆ నాలుగెకరాలు మళ్లీ అమ్మకానికి రాలేదు. మద్దిలేటీ సుంకులమ్మా బతికినన్నాళ్లూ ఒకరి చేలే దున్నారు.