ఏమీ కనిపించని స్లైడు

ఏసుపాదం మూడేళ్లుగా ఒకే యాంటీబాడీని పట్టుకుని వేలాడుతున్నాడు. రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఉండే ఒక ప్రోటీన్‌ను వెతికి పట్టుకోవడం దాని పని. పట్టుకున్నచోట, గడ్డలోంచి కోసిన పలచని ముక్క మీద గోధుమరంగు తేలుతుంది. ఆ రంగు కనిపిస్తే చాలు, వాడికి పండగే.

సమీక్షకు వచ్చిన ఒక పెద్దాయన ఆ పండగ మీద నీళ్లు చల్లాడు.

"జిగురున్నది ఎక్కడైనా అంటుకుంటుందయ్యా. నీది ఆ ప్రోటీన్‌నే పట్టిందని ఏమిటి రుజువు? సోమవారంలోగా చూపించు. లేదంటే ఈ పని ఇంతటితో ఆపేద్దాం."

వాడికి రోషం వచ్చింది. ఇంకా స్లైడ్లు చేశాడు, మరింత గోధుమరంగు తెచ్చాడు. అన్నీ పళ్లెంలో పేర్చుకుని గురువుగారు మస్తానమ్మ మేడం గదికి వెళ్లాడు.

"ఇంతకన్నా ఏం చూపించాలి మేడం?" అన్నాడు.

ఆవిడ స్లైడ్ల వంక చూడనైనా లేదు. "అన్నం తిన్నావా?"

"లేదు మేడం."

క్యారియర్ విప్పి ముందు పెట్టింది. గోంగూర, ముద్దపప్పు, పెరుగు. మొహమాటంగా మొదలుపెట్టినవాడు గిన్నెలన్నీ ఊడ్చేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద సున్నుండల డబ్బా ఉంది. సున్నుండలంటే వాడికి ప్రాణం.

"తిను."

"అమ్మో, వద్దు మేడం. ఇంక మెతుకు పట్టదు."

"ఆకలి మీదుంటే?"

"డబ్బా కూడా మిగిలేది కాదు."

"మరి దానికెప్పుడైనా అన్నం పెట్టావా?" అని ఆవిడ తన కాగితాల్లో పడిపోయింది.

వాడు బిక్కమొహం వేసుకుని ల్యాబుకొచ్చి ఫ్రిజ్ తలుపు తీశాడు. ఒక గొట్టంలో యాంటీబాడీ. పక్క గొట్టంలో, శుద్ధి చేసి దాచిన అదే ప్రోటీన్. మేడం అడిగింది యాంటీబాడీ గురించే, దాని అన్నం ఇదే!

ప్రోటీన్‌ను దండిగా కలిపి, యాంటీబాడీ కడుపారా పట్టుకునేదాకా ఆగాడు. అప్పుడు దాన్ని గడ్డ ముక్క మీద వేశాడు. అదే గడ్డ నుంచి కోసిన ఇంకో ముక్క మీద ఎప్పటిలా ఉత్త యాంటీబాడీ. వట్టి జిగురే అయితే రెండూ ఒకేలా రంగెక్కుతాయి, మూడేళ్ల కష్టం గంగపాలు. రెండు ముక్కలనూ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు.

ఉత్తది వేసిన ముక్క నిండా గోధుమరంగే. రెండోదాంట్లో మచ్చుకైనా లేదు.

"ఏమీ లేదు! ఏమీ లేదు!" అని గంతులేశాడు. పాపం పనంతా పోయిందేమోనని తోటివాళ్లు ఓదార్చడానికి పరుగెత్తుకొచ్చారు.

సోమవారం రెండు స్లైడ్లూ తెర మీద వేశాడు. పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు.

"రెండోదాంట్లో ఏమీ లేదేమయ్యా?"

"అదే గడ్డ, అదే యాంటీబాడీ అండీ. దాని ప్రోటీన్ దానికి ముందే కడుపునిండా పెట్టి పంపాను."

పెద్దాయన రెండు స్లైడ్లనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పకపకా నవ్వి, అందరికంటే ముందు తనే చప్పట్లు కొట్టాడు. గది హోరెత్తిపోయింది. ఏసుపాదం ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

బయటికి రాగానే మస్తానమ్మ మేడం సున్నుండల డబ్బా చాపింది.

"ఇప్పుడో?"

వాడు డబ్బా ఖాళీ చేసి చేతికిచ్చాడు.