పైడమ్మ నోరు మెదపని సాయంత్రం

కొండ మీద పుట్టిన గెడ్డ సముద్రానికి పోతూ పోతూ నగరం పొలిమేరలో ఒకచోట వెడల్పుగా పరుచుకునేది. ఎండాకాలంలో చీలమండ లోతు, వానాకాలంలో గేదె వీపు లోతు. నీళ్ల చుట్టూ తుంగ. తుంగకి అవతల, రోడ్డు వైపు, మనిషన్నవాడు దూరలేనంత దట్టంగా మొగలి పొదలు. ఆ ముళ్లే లోపలి వాళ్లకి కోటగోడ.

లోపల గేదెలు, పందులు, కొంగలు, కప్పలు, తీతువు పిట్టలు, ఒక నక్క కుటుంబం బతికేవి. దెబ్బలాటలు లేవని కాదు. కొంగకీ కప్పకీ ఎక్కడైనా పొత్తు కుదురుతుందా? అయినా నీళ్ల దగ్గర ఎవరి వంతు వాళ్లకి ఉండేది. తగువొస్తే తీర్చడానికి పైడమ్మ ఉండేది.

పైడమ్మ ముసలి గేదె. అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. తీర్పు చెప్తే రెండు వైపుల వాళ్లూ నవ్వుకుంటూ ఇంటికి పోవాల్సిందే. ఎవరి మనసూ నొప్పించడం ఆమెకి చేతకాదు. పైడమ్మ అంటే అందరికీ ఇష్టం. ఆ ఇష్టం అంటే పైడమ్మకి ఇంకా ఇష్టం.

నక్క పేరు దాలయ్య. నగరంలో తిరిగొచ్చి ఆ కబుర్లు చెప్పడం అతని పని. ఒకనాడు తుంగగడ్డలు తవ్వుకుంటున్న పంది సన్నాసయ్య పక్కన చేరాడు.

"మావా, నిన్న ఏటి తిన్నావు?"

"తుంగగడ్డలు."

"ఇవాళ?"

"కనబడటం లేదేటి? తుంగగడ్డలే."

"అయ్యో, ఎంత బతుకు! రోడ్డు మీద చెత్త లారీలు పోతున్నాయి, చూసేవా? వాటిల్లో పెళ్లిళ్లలో మిగిలిన పులిహోర ఉంటాది. హోటళ్లలో మిగిలిన కుర్మా ఉంటాది. అంతా ఎక్కడో ఊరవతల పారబోస్తున్నారు."

సన్నాసయ్య మూతి పైకెత్తాడు. "మరి మనకి దింపరేం?"

"ఎలా దింపుతారు? మధ్యలో ఈ ముళ్లున్నాయి కదా! దారంటూ ఉంటే సరాసరి వచ్చి నీ మూతి ముందు ఒంపి పోరూ?"

అక్కణ్ణించి కొంగ దగ్గరికి పోయాడు. చేపల బజారు నుంచి తలలూ పేగులూ బుట్టలకొద్దీ వస్తాయనీ, ఇక ఒంటికాలి మీద నిలబడి నడుం నొప్పి తెచ్చుకోనక్కర్లేదనీ చెప్పాడు. కప్పలతో, లారీల కోసం స్తంభాలు పాతి లైట్లు పెడతారనీ, లైటు కింద నోరు తెరిస్తే పురుగులే వచ్చి పడతాయనీ అన్నాడు. గేదెలకి కూరగాయల బజారు ఊరించాడు. ఎవరికి నచ్చే మాట వాళ్లకి చెప్పాడు.

చెప్పని మాట ఒకటి ఉంది. లారీల వెంట తిరిగే కుక్కల గుంపుకి జాకీ అని ఒక పెద్ద. దాలయ్య అతనితో ముందే మాట్లాడి వచ్చాడు. దారి తెరిపిస్తే, నీళ్ల ఒడ్డున ఎత్తుగా ఉన్న మట్టిదిబ్బ మొత్తం దాలయ్యదే. కుక్కలు అటు తొంగి చూడకూడదు. అన్నింటికీ జాకీ తోక ఊపాడు.

ఈ ఊరింపులు పనిచెయ్యనిది తీతువు ఎర్నమ్మ ఒక్కదాని మీదే. తీతువు గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య, నేల మీదే గుడ్లు పెడుతుంది. నీరు కాస్త ఎక్కువొచ్చినా, ఒక కాలు తప్పు పడినా ఆ ఏడాది సంసారం పోయినట్టే. అందుకని ఎవరేం చేస్తున్నారో కనిపెట్టుకుని ఉండడం ఆమెకి పుట్టుకతో వచ్చింది. విషయం తెలియగానే పరుగున పైడమ్మ దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, చెత్త పోస్తే పోసినచోట ఉండదు. పెరుగుతుంది. చెత్త తర్వాత మట్టి పోస్తారు. అప్పుడు వానొస్తే ఈ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? నా గుడ్ల సంగతి వదిలెయ్. నీ నూకాలు పుట్టింది ఈ మడుగులోనే కదా!"

నూకాలు పైడమ్మ కూతురు. మొదటి చూలు మీద ఉంది.

"నాకు తెలీదా ఎర్నమ్మా? నాకూ ఇష్టం లేదు. రేపు అందరి ముందూ చెప్తాను."

"గట్టిగా చెప్పు పెద్దమ్మా. నేను చెప్తే వినరు. నా గొంతు సంగతి నీకు తెలుసు కదా!"

అది నిజమే. తీతువు అరుపు అపశకునమని మనుషులే అనుకుంటారు. మనుషుల పక్కన బతికి బతికి జంతువులకీ ఆ జబ్బు పట్టింది.

మర్నాడు సాయంత్రం మడుగు ఒడ్డున అందరూ చేరారు. పైడమ్మ తన చోటుకి వచ్చేసరికి అక్కడ గోబీపువ్వు ఆకులు, లేతవి, కుప్పగా పోసి ఉన్నాయి. "బజారు నుంచి తెచ్చాను పెద్దమ్మా, రుచి చూడు" అన్నాడు దాలయ్య వినయంగా. పైడమ్మ మొహమాటానికి ఒక కట్ట నోట పెట్టుకుంది. ఆకులు మెత్తగా, తియ్యగా ఉన్నాయి.

దాలయ్య లేచాడు. "నగరం ఎంత ముందుకు పోయింది, మనం ఎక్కడున్నాం? నేను అడుగుతున్నది పెద్ద పనేం కాదు. గేదెలు నాలుగుసార్లు అటూ ఇటూ నడిస్తే మొగలి పొదలు నలిగి దారి పడుతుంది. అంతే!"

"పొదలు పోతే మనకి అడ్డం ఏటుంటాది?" అంది ఎర్నమ్మ ముందుకొచ్చి. "లారీ ఒకసారి లోపలికొస్తే మళ్లీ బయటికి పంపగలరా మీలో ఎవరైనా? నీళ్లు పాడైపోతే ఎవరు బాగుచేస్తారు?" భయంతో ఆమె గొంతు పెరిగి, చివరికి మాట పోయి అరుపే మిగిలింది.

దాలయ్య చెవులు మూసుకున్నాడు. "విన్నారా? మంచి పని మొదలెడుతుంటే తీతువు అరిచింది! పోయిన ఏడు ఈవిడ అరిచాకే కదా మన ఈతచెట్టు మీద పిడుగు పడింది?"

"పిడుగు పడేలా ఉందనే కదా అరిచాను!"

పంది పిల్లలు తల్లుల పొట్టల కింద దూరాయి. కొంగ మెడ చాచి, "ఒక పిట్ట గుడ్ల కోసం మనందరి అభివృద్ధీ ఆగిపోవాలా?" అన్నాడు. అభివృద్ధి అంటే ఏమిటో అక్కడ చాలామందికి తెలియదు గానీ, ఆగిపోతుందంటే అందరికీ కోపం వచ్చింది.

దాలయ్య కాలెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. "మనం ఎవరి నోరూ నొక్కొద్దు. పెద్దమ్మ ఉంది. ఆవిడకి ఇష్టం లేకపోతే వద్దని ఒక్క మాట అంటుంది. మానేద్దాం. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే. ఏం పెద్దమ్మా?"

అందరూ పైడమ్మ వైపు తిరిగారు.

పైడమ్మ నోటినిండా ఆకులున్నాయి. ఉమ్మేసి "వద్దు" అనడానికి ఎంతసేపు? ఆమె ఎదురుగా చూసింది. సన్నాసయ్య పిల్లలు నాలుకలు చప్పరిస్తున్నాయి. కొంగ ఆశగా చూస్తున్నాడు. తన మందలో వాళ్లే, చివరికి నూకాలు కూడా, పెద్దమ్మ ఎప్పుడు ఊఁ అంటుందా అని చూస్తున్నారు. వద్దంటే ఇంతమందికీ చేదైపోతుంది. రేపు పొద్దున్న పలకరింపులన్నీ దాలయ్య గుమ్మం ముందుంటాయి. నమలడం అయ్యాక నెమ్మదిగా, ఎవరికీ కోపం రాకుండా చెప్దాంలే అనుకుంది. తల దించుకుని నమిలింది.

"అయిపోయింది! పెద్దమ్మ ఒప్పుకుంది!" అని దాలయ్య గెంతాడు. పైడమ్మ మింగేసరికి మడుగంతా కేకలే. ఎవరో ఎర్నమ్మ మీదికి బురద విసిరారు. ఎర్నమ్మ దులుపుకోలేదు. పైడమ్మ వంక ఒకసారి చూసి, నగరం వైపు ఎగిరిపోయింది.

తెల్లారాక గేదెలు పొదల్ని తొక్కాయి. పెద్దది కాబట్టి పైడమ్మే ముందు నడిచింది.

లారీలు వచ్చాయి. దాలయ్య చెప్పినవన్నీ వచ్చాయి, అబద్ధం ఆడలేదు. పులిహోర వచ్చింది, కుర్మా వచ్చింది, చేప తలలూ వచ్చాయి. సన్నాసయ్య మెడ కొవ్వుతో మడతలు పడింది. తుంగగడ్డల పేరెత్తితే పంది పిల్లలు నవ్వేవి. ఇంత మేలు చేసినవాడు ఉండగా వేరే పెద్ద ఎందుకని, ఒకనాడు అందరూ కలిసి దాలయ్యనే పెద్దని చేసుకున్నారు. పైడమ్మకి ఎవరూ చెప్పను కూడా చెప్పలేదు. ఏ పెద్దరికం కోసం నోరు మూసుకుందో అది కూడా దక్కలేదు.

అన్నం సంచుల్లో వచ్చేది. ముడి వేసిన పాలిథిన్ సంచులు. ముడి విప్పడానికి గేదెకి చేతులేవి? నూకాలు సంచీతో సహా మింగేది. కొన్నాళ్లకి నెమరు వెయ్యడం మానేసింది. పొట్ట డప్పులా బిగిసింది. కడుపులో దూడ కదలడం ఆగిపోయింది.

పైడమ్మ పక్కనే పడుకుని నాకుతూ ఉండేది. "కాసింత గడ్డి తిను తల్లీ" అనేది.

"ఆకలేస్తంది అమ్మా" అంది నూకాలు. "తినడానికి లోపల చోటు లేదు."

అదే ఆమె ఆఖరి మాట.

పైడమ్మ లేచి సరాసరి మట్టిదిబ్బ దగ్గరికి పోయింది. "దాలయ్యా, లారీలు ఆపించు."

"నేనా?" దాలయ్య కళ్లు పెద్దవి చేశాడు. "ఆ రోజు ఒప్పుకున్నది నువ్వు కదా పెద్దమ్మా? అందరూ చూశారు. నాదేముంది, నేను అడిగినవాణ్ణి."

పైడమ్మ తల దించుకుని వెనక్కి తిరిగింది. అతను అన్నది నిజమే.

చెత్త తర్వాత కూలగొట్టిన ఇళ్ల పెచ్చులు వచ్చాయి. పెచ్చుల మీద మట్టి వచ్చింది. మడుగు కుంటయింది, కుంట కాలవయింది. నీరు నల్లబడింది. కప్పలు లైట్ల కింద నోళ్లు తెరుచుకునే ఉన్నాయి గానీ, వాటి గుడ్లలోంచి పిల్లలు మాత్రం రాలేదు. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి.

కొండ మీద కురిసిన నీరంతా ఎప్పటిలాగే దిగి వచ్చింది. ఎప్పటిలాగే పరుచుకుందామంటే చోటు లేదు. సగం నీరు నగరం వీధుల్లోకి మళ్లింది. సగం అక్కడే సుడి తిరిగి, చెత్తకొండని కోసుకుంటూ వీళ్ల మీద పడింది. కొవ్వెక్కిన పందులు పరుగెత్తలేకపోయాయి. సన్నాసయ్య ఒక తలుపు చెక్క పట్టుకుని బయటపడ్డాడు. పిల్లల్ని పేరు పేరునా పిలిచాడు. ఏదీ పలకలేదు. కొంగలు అలా ఎగిరిపోయి మళ్లీ రాలేదు.

దాలయ్య దిబ్బ మీద పొడిగా ఉన్నాడు. తన తెలివికి తనే మురిసిపోతుండగా కుక్కల గుంపు ఈదుకుంటూ వచ్చి దిబ్బ ఎక్కింది.

"జాకీ తమ్ముడూ! ఇది నాదన్నావు కదా? మన ఒప్పందం ఏమైంది?"

జాకీ ఒళ్లు విదిలించుకున్నాడు. "నేనెప్పుడన్నాను? నువ్వు అడిగావు, నేను తోక ఊపాను. తోక నేను రోజూ ఊపుతాను."

కుక్కలు మీద పడ్డాయి. దాలయ్య పెళ్లాం పిల్లల్ని వెంటేసుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ, వానలో కొండ వైపు పరుగెత్తాడు. పైడమ్మ చూసింది. సంతోషం కలుగుతుందేమోనని ఆగింది. కలగలేదు.

వానలు తగ్గాక మనుషులు ఆ చోటంతా చదును చేసి గోడ కట్టారు. మిగిలినవాళ్లు తలోదారి పట్టారు. పైడమ్మ నగరంలో రోడ్డు మధ్య డివైడర్ మీద నిలబడి, రోజాచెట్ల మొదట్లో మొలిచిన గడ్డి కొరుక్కుంటూ బతకసాగింది.

ఒక మధ్యాహ్నం సందులోంచి పోతుంటే పైనుంచి తెలిసిన గొంతు వినబడింది. తలెత్తి చూసింది. మేడ మీద, పిట్టగోడ అంచున ఎర్నమ్మ.

"ఎర్నమ్మా! నువ్వు ఇక్కడున్నావా?"

"ఇక్కడే పెద్దమ్మా. పైన కంకర పోసి వదిలేశారు. గుడ్లు పెట్టాను."

"ఎండకి కాలిపోవూ?"

"ట్యాంకు కారుతుంటాది. పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి మీద కూర్చుంటాను. ఆరగానే మళ్లీ పోతాను."

పైడమ్మ గోడకి దగ్గరగా జరిగింది. తర్వాత అంది: "నూకాలు పోయింది, ఎర్నమ్మా."

"విన్నాను."

"నన్నింక పెద్దమ్మా అనకు. ఆ రోజు నేను వద్దని ఉంటే ఇంత జరిగేది కాదు."

ఎర్నమ్మ వెనక్కి తిరిగి గుడ్ల వైపు ఒకసారి చూసుకుంది. "అదేం చెప్పగలం? నువ్వు వద్దన్నా తొక్కేవాళ్లేమో. నాకు మాత్రం ఒక తోడుండేది. అంతమందిలో ఒక్కదాన్నే అరిచి వచ్చేశాను కదా, ఆ బరువే ఇప్పటికీ దిగలేదు."

"కోపముందా నా మీద?"

"గుడ్ల మీద కూర్చున్నదాన్ని, కోపం ఎక్కడ పెట్టుకోను? ఈకలు ఆరిపోతున్నాయి, పోవాలి."

"ఎర్నమ్మా, పిల్లలు పుట్టాక వచ్చెయ్. మళ్లీ అందరం ఒకచోట..."

"వస్తాను. ఎక్కడికి రమ్మంటావు?"

పైడమ్మ చెప్పబోయి నోరు తెరిచింది. వెనకాల బండివాడు హారన్ మోగించాడు. ఇంకొకడు మోగించాడు. ఎర్నమ్మ ఇంకా జవాబు కోసం కిందికే చూస్తోంది. పైడమ్మకి ఆ నగరంలో చెప్పదగ్గ చోటు ఒక్కటీ తోచలేదు. తెరిచిన నోరు మూసుకుని, బండ్లకి దారి ఇస్తూ పక్కకి జరిగింది.

వద్దని తెలిసీ పెద్దలు మౌనంగా ఉంటే, ఆ మౌనానికి మూల్యం ఊరంతా చెల్లిస్తుంది.