ఈ రేక ఎవలది?

అనగనగా అంటే మరీ ఎప్పుడో కాదు, అలాగని మొన్నా కాదు. ఇప్పుడు మెడ నొప్పెట్టేలా తలెత్తి చూస్తామే ఆ తాటిచెట్లు, అవి అప్పటికి మోకాలెత్తు మొలకలు. అప్పటి మాట. ఈ కథ నేను ముగ్గురి నోట విన్నాను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ఎవరిది నిజమో తేల్చుకోలేక మూడూ కలిపేశాను. మధ్యలో మీకు తికమకగా ఉంటే నన్ను తిట్టకండి. ఆ కథలో ఉన్నవాళ్లందరికీ అలాగే ఉండేది.

ఒక వాగు. వాగు ఒడ్డున తాటివనం. ఆ వనంలో మూడు కల్లు పాకలు.

మొదటి పాకలో కల్లు కమ్మగా ఉండేది. రెండో పాకలో వేయించిన చేపలు దొరికేవి. మూడోది బాలవ్వ పాక. బాలవ్వ భర్త తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె మరిది సత్తయ్య చెట్లెక్కి కల్లు దింపితే, ఆమె పాక నడిపేది. ఆమెకున్న ఆధారమంతా ఆ పాకే.

నిజం చెప్పుకోవాలంటే బాలవ్వ పాకలో గొప్పేమీ లేదు. కల్లు ఒకరోజు పులుపు, ఒకరోజు చప్పన. ఉడికించిన శనగ గుడాలు తరచూ అడుగంటేవి. చాప మీద కూర్చుంటే పుల్లలు గుచ్చుకునేవి. అయినా ఊరి జనం మొదటి పాక దాటి, రెండో పాక దాటి, నడిచి నడిచి మూడో పాకకే వచ్చేవారు. ఎందుకొస్తున్నారయ్యా అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఏమో, ఎవరికీ తెలియదు.

ఆ పాకలో కల్లు పోసేవాడి పేరు కొమురెల్లి. ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు. వాగు దాటి వచ్చాడని కొందరు, వాగులో కొట్టుకొచ్చాడని కొందరు అంటారు. అతన్నే అడిగితే, "యాది లేదు" అనేవాడు. పాకలోనే పని, పాకలోనే పడక. రోజూ వచ్చే రాజన్నను పోశన్నా అని పిలిచేవాడు, పోశన్నను పిలవడమే మరిచిపోయేవాడు. ఊరంతా అతనికి ఆగమాగం కొమురెల్లి అని పేరు పెట్టింది.

ఆ పాకలో గ్లాసులూ ముంతలూ లేవు. తాటాకును మడిచి దొప్ప చేస్తారు. దాన్ని రేక అంటారు. రెండు చేతులా రేక పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటే, కొమురెల్లి పైనుంచి పోసేవాడు. తాగడం అయ్యాక రేక పారేసి వెళ్లిపోవడమే.

కొమురెల్లికి లెక్క రాదు. అందుకని సాయంత్రం జనం వెళ్లాక, పారేసిన రేకలన్నీ ఏరేవాడు. పాతది ఒకటి తీసి పక్కన పెడితే, కొత్తది ఒకటి మడిచి పాక చూరులో దోపేవాడు. అలా నిన్న ఎంతమంది తాగారో ఇవాళ అన్ని రేకలు చూరులో ఉండేవి. వచ్చినవాళ్లు తలా ఒకటి లాక్కుని కూర్చునేవారు. అందరూ కూర్చున్నాక చూరులో ఒక రేక మిగిలిందనుకోండి, ఇక కొమురెల్లి ఆగమాగమైపోయేవాడు. కల్లు పోసే సొరకాయ బుర్ర కింద పెట్టేసి ఆ రేక చేతిలోకి తీసుకునేవాడు.

"ఈ రేక ఎవలది?"

"ఎవలదో అయితది, పొయ్యవయా," అని అరిచేవారు.

"నిన్న ఉన్నోడు ఇయ్యాల లేడు. గట్లెట్ల పోస్త? ఈ రేక ఎవలది?"

అది తేలే దాకా చుక్క పోసేవాడు కాదు. కొట్టబోయినా పోసేవాడు కాదు. బాలవ్వ, "అన్నా, జర పొయ్యరాదే, ఎండ నెత్తి మీదికొచ్చింది" అని బతిమాలినా పోసేవాడు కాదు. ఇక అందరూ తలలు తిప్పి వెతుక్కునేవారు. నిన్న నీ పక్కన ఎవడున్నాడు, నా వెనక ఎవడున్నాడు అని గొడవ పడేవారు. చివరికి ఎవరో ఒకరు, "అరే, రాజన్నది గదా, వానికి జరమొచ్చింది" అనేవారు. అప్పుడు ఎవరో లేచి రాజన్నకు గంజి కాచిచ్చారో లేదో చూసి వచ్చేవారు. వాళ్లు తిరిగొచ్చాకే కల్లు.

ఒకసారి గాజులమ్ముకునే మనిషి ఎవరో దారిన పోతూ ఒక పూట తాగి వెళ్లాడు. మర్నాడు అతని రేక మిగిలింది. ఆ రోజు పాకలో పొద్దంతా అదే చర్చ. ఆయన ఏ ఊరు, ఎటు పోయాడు, వాగు దాటాడా లేదా. అటు నుంచి వచ్చిన బండివాడు, "దాటిండు, నేనే చూసిన" అని చెప్పే దాకా ఎవరి నాలుకా తడవలేదు. గాజులాయనకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. నాకీ కథ చెప్పిన ముగ్గురిలో ఒకరైన మా ముసలమ్మ ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి నవ్వలేక చచ్చేది.

అందరికీ రేకలు మడిచిన కొమురెల్లికి మాత్రం రేక లేదు. లొట్టి, అంటే కల్లు కుండ, దాని అడుగున మిగిలింది బుర్రతోనే తాగేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు. కొమురెల్లి మూల గుంజకు ఆనుకుని ఉన్నాడు. చేతిలో ఒక రేక ఉంది. ఎవరిదా అని ఆలోచిస్తున్నాడనుకున్నారు. చాలాసేపు చూశారు. కోప్పడ్డారు. చివరికి బాలవ్వ భుజం పట్టుకుని కదిపితే మనిషి పక్కకు ఒరిగిపోయాడు. ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

ఏడ్చారు. వాగు ఒడ్డున పూడ్చారు. సాక పోశారు. అంటే పోయినవాళ్ల పేరు చెప్పి నేల మీద ఇంత కల్లు ధారగా పోయడం. ఇంటికి పోతూ పోతూ బుగ్గయ్య ఒక మాట అన్నాడు. బుగ్గయ్య అంటే అన్నీ తెలిసినవాడు. తెలియనివి ఇంకా బాగా తెలిసినవాడు.

"పాపం మంచోడే. గాని ఇగ జల్ది తాగి జల్ది పోవచ్చు."

అందరికీ లోలోపల అదే అనిపించింది. అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

మర్నాటి నుంచి సత్తయ్యే పోసేవాడు. చురుకైనవాడు. మనిషి రాగానే అప్పటికప్పుడు రేక మడిచి చేతికిచ్చేవాడు. చూరులో దోపడాలు లేవు, మిగలడాలు లేవు. వచ్చారు, తాగారు, పోయారు.

కొన్నాళ్లకు రావడం తగ్గించారు. ఇంకొన్నాళ్లకు పాకలో ఈగలే మిగిలాయి. కల్లు అదే, పాక అదే, మనుషులు వాళ్లే. మరి ఏమైంది? ఎవరికీ అర్థం కాలేదు.

ఊరి పెద్దమనుషులు బాలవ్వకు కబురు పెట్టారు. "ఖాళీ పాకకు ఇన్ని చెట్లెందుకు? బోనాల దాకా చూస్తం. అప్పటికీ జనం లేకుంటే చెట్లు రెండో పాకోళ్లకిస్తం."  చెట్లు పోతే పాక లేదు. పాక పోతే పొయ్యి వెలగదు.

బుగ్గయ్య వచ్చి చాప మీద కూర్చున్నాడు. "చెల్లె, తప్పు కల్లుల ఉన్నది," అన్నాడు. సత్తయ్య పాత చెట్లు వదిలేసి వాగవతలి చెట్లెక్కాడు. కల్లు తేనెలా ఉంది. జనం వచ్చి తాగారు. బాగుందన్నారు, పోయారు. కల్లు మారింది, పాక అదే, మనుషులు వాళ్లే. మరి ఏమైంది? ఎవరికీ అర్థం కాలేదు.

బుగ్గయ్య మళ్లీ వచ్చాడు. "చెల్లె, తప్పు గుడాలల్ల ఉన్నది," అన్నాడు. బాలవ్వ చేపలు వేయించింది, మాంసం వండింది, గుడాలు మాడకుండా పక్కనే కూర్చుని కలిపింది. జనం వచ్చి తిన్నారు. మూతి తుడుచుకుని పోయారు. కల్లు మారింది, తిండి మారింది, మనుషులు వాళ్లే. ఎవరికీ అర్థం కాలేదు.

బుగ్గయ్య మూడోసారి వచ్చాడు. "చెల్లె, తప్పు దర్వాజల ఉన్నది," అన్నాడు. పడమటి గుమ్మం మూసి తూర్పుకు తెరిచారు. కప్పు మీద కొత్త తాటాకు వేశారు. మెత్తటి చాపలు పరిచారు. జనం వచ్చి చూశారు. ఒకడు పాత అలవాటు కొద్దీ పడమటి గోడకు నుదురు కొట్టుకుని, దాన్ని తిట్టుకుంటూ పోయాడు.

నాలుగోసారి బుగ్గయ్య రాలేదు. వస్తే బాలవ్వ చేతిలో చీపురు ఉంది.

బోనాలు రానే వచ్చాయి. రేపు పెద్దమనుషులు వస్తారు. బాలవ్వ ఇక ఆశ వదిలేసుకుంది. మూసేసే ముందు, ఇన్నేళ్లు తన పాకలో కూర్చున్న వాళ్లందరికీ ఒక్కసారి ఊరికే కల్లు పోద్దామనుకుంది. ఇంటింటికీ కబురు చేసింది. ఆ సాయంత్రం కొమురెల్లి కూర్చునే గుంజ దగ్గరే కూర్చుంది. ఒక్కొక్కరి మొహం తలుచుకుంటూ ఒక్కొక్క రేక మడిచి చూరులో దోపింది. అలా ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. అన్నం సహించని మనిషికి చేతులు ఖాళీగా ఉంటే కన్నీళ్లు ఆగవు, అందుకే చేసి ఉంటుంది.

పొద్దున అందరూ వచ్చారు. తలా ఒక రేక లాక్కుని మోకాళ్ల మీద కూర్చున్నారు. సత్తయ్య లొట్టి ఎత్తాడు. బాలవ్వ చూరులోకి చూసింది. ఒక రేక మిగిలింది. ఆమె నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది.

"ఈ రేక ఎవలది?"

అందరూ గొల్లుమన్నారు. అచ్చం కొమురెల్లి లాగే అన్నావన్నారు.

"గది కొమురెల్లిదే, నీకు తెల్వకుండనే మడిచినవ్," అన్నాడు బుగ్గయ్య.

"కొమురెల్లికి రేకెక్కడిది? బుర్రతోని తాగెటోడు," అంది బాలవ్వ. "నేనొక్కొక్కల మొఖం తల్సుకుంట మడిచిన. మరి ఈ రేక ఎవలది?"

నవ్వులు ఆగిపోయాయి. తలలు తిప్పి చూసుకున్నారు. నీ పక్కన ఎవరు, నా వెనక ఎవరు. రాజన్న ఉన్నాడు. పోశన్న ఉన్నాడు. పడమటి తలుపు పక్కన ఎప్పుడూ కూర్చునేది ఎవరు? ఆ తలుపే ఇప్పుడు లేదు. అందుకని ఆ పక్కన కూర్చునే మనిషి గుర్తు రావడానికి అంతసేపు పట్టింది.

"ఓదెలు," అన్నాడు రాజన్న. "కుమ్మరి ఓదెలు ఏడి?"

"ఆయన మొదటి పాకకు పోతుండనుకున్న," అన్నాడొకడు.

"బిడ్డ ఇంటికి పోయిండనుకున్న," అన్నాడు ఇంకొకడు.

"నా మీద అలిగిండనుకున్న," అన్నాడు పోశన్న.

ఓదెలును చూసి ఎన్నాళ్లయిందో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇంటింటికీ కబురు చెప్పి వచ్చినామెను అడిగితే, ఓదెలు ఇల్లు వాగవతల కదా, కేకేసి వచ్చానంది. జవాబు వచ్చిందా అంటే బిత్తర చూపులు చూసింది.

అందరూ లేచారు. రేకలు ఎక్కడివక్కడ వదిలేశారు. సత్తయ్య లొట్టి కింద పెట్టేశాడు. బాలవ్వ ఆ మిగిలిన రేక చేత్తో పట్టుకునే పరుగెత్తింది.

ఓదెలు ఆము పక్కన పడి ఉన్నాడు. ఆము అంటే కుండలు కాల్చే బట్టీ. దాని గోడ కూలి కాలి మీద పడింది. చేతికందిన కుండలో వాన నీళ్లుంటే అవి తాగి ప్రాణం నిలుపుకున్నాడు. మట్టి, ఇటుకలు తీసేసి లేవదీశారు. పెదాలు పగిలిపోయాయి. కళ్లు తెరిచి ఒక్కొక్కరినీ చూశాడు. వాళ్లలో ఎవరి కోసమో వెతికాడు.

"ఇంత ఆల్శమాయె," అన్నాడు. "కొమురెల్లి అడగలేదా?"

కొమురెల్లి పోయాడని ఆ నొప్పిలో మరిచిపోయాడు పాపం. రేక మిగులుతుంది, కొమురెల్లి అడుగుతాడు, వీళ్లు వస్తారు అని, అదొక్కటే నమ్ముకుని పడి ఉన్నాడు.  అన్నీ తెలిసిన బుగ్గయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అడిగిండు," అంది బాలవ్వ. "ఇప్పుడే అడిగిండు."

అటు పాకకు పెద్దమనుషులు వచ్చారు. లొట్లు నిండుగా ఉన్నాయి. చేపలు పళ్లెంలో ఉన్నాయి. రేకలు నేల మీద ఉన్నాయి. మనిషి జాడ లేదు. ఇదేం పాకరా నాయనా అని తలలు గోక్కున్నారు. సరే, ఖాళీగానే ఉంది, చెట్లు రెండో పాకవాళ్లకిచ్చేద్దాం అని వెళ్లబోతుంటే వాగు వైపు నుంచి ఊరంతా వస్తోంది. మధ్యలో మంచం. మంచం మీద ఓదెలు. వైద్యుణ్ని అక్కడికే పిలిపించారు. కాలు కట్టించారు. ఆ రేకలోనే గంజి పోసి ఓదెలుకు తాగించారు. అప్పుడు గానీ మిగిలినవాళ్లు రేకలు పట్టలేదు.

ఆ రోజు కల్లు పొద్దుటి నుంచి ఎండకు ఉండి పులిసిపోయింది. చేపల మీద ఈగలు వాలాయి. అయినా పొద్దుగూకే దాకా ఒక్కరూ కదల్లేదు.

పెద్దమనుషుల్లో ఒకాయన కాస్త తాగి మొహం చిట్లించాడు. "కల్లు పుల్లగున్నది. ఈ పాకల ఏమున్నదని కూసున్నరు?" అన్నాడు.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ చెప్పడం రాలేదు.  ఆయన చెప్పులు విడిచి, తనూ రేక పట్టి కూర్చున్నాడు. చెట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం బాలవ్వ పారేసిన రేకలు ఏరింది. ఒక్కోదానికి ఒక్కో కొత్తది మడిచి చూరులో దోపింది. అన్నీ అయ్యాక ఇంకొకటి మడిచింది.

ఇప్పటికీ ఆ వాగు వైపు పాకల్లో చూరులో ఒక రేక ఎక్కువ ఉంటుంది. పోసే ముందు పెద్దవాళ్లెవరో దాన్ని చేతిలోకి తీసుకుని, "ఈ రేక ఎవలది?" అంటారు. ఎవరన్నా రాకపోతే వాళ్ల సంగతి తేలే దాకా చుక్క పడదు. అందరూ వచ్చి ఉంటే, "కొమురెల్లిది" అంటారు. అందులో కల్లు నింపి మూల గుంజ దగ్గర సాక పోస్తారు. బతికున్నప్పుడు రేక లేని మనిషికి ఇప్పుడు రోజూ మొదటి రేక.

మంచి పాక ఏదని నన్నడిగితే నాకూ సరిగ్గా తెలియదు. కల్లు బాగున్న చోట కల్లు తాగాను, చేపలు బాగున్న చోట చేపలు తిన్నాను. నేను మర్నాడు పోకపోతే ఏ పాకలోనూ ఎవరూ నన్ను అడగలేదు.

కథ అయిపోయింది. కొమురెల్లి పాకలో, మనం ఇంటికి. లేచే ముందు ఒకసారి పక్కన చూసుకోండి. నిన్న ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఇవాళ ఎవరు రాలేదు?