గొర్రెలు ఎండలో తల ఎందుకు దాచుకుంటాయి

ఒకప్పుడు గొర్రెలు తలెత్తుకుని నడిచేవి. ఎంత ఎత్తుకునేవంటే, ఎదురుగా ఉన్న ముళ్లకంప కనబడక సగం ఉన్ని దానికే ఇచ్చి వచ్చేవి.

ఆ మందకు పెద్దదిక్కు బొల్లి అవ్వ. ముసలి గొర్రె, ముఖం మీద తెల్లమచ్చ. వాగు దాటాల్సి వస్తే అవ్వ ముందు గట్టు మీద నిలబడి నీళ్ల రంగు చూసేది, గాలి వాసన పీల్చేది. చీమలు ఎటు పోతున్నాయో కూడా చూసేది. తర్వాత ఒక్కతే దిగి, అవతలి గట్టుదాకా వెళ్లి తిరిగి వచ్చేది. అప్పుడే మందను రమ్మనేది. ఆమె నడిపినన్నాళ్లూ ఒక్క పిల్లకు కూడా కాలు జారలేదు. అందుకని మందంతా ఆమెది చాదస్తం అనుకునేది.

కొన్నాళ్లకు అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. ఇక ఇంకెవరినైనా చూసుకోండి అంది.

కొమ్ములయ్య అనే పొట్టేలుకు ధైర్యం ఎక్కువ. ఒకసారి తుమ్మచెట్టుతో పోట్లాడి తనే గెలిచానని చెప్పుకున్నాడు. చెట్టును ఎవరూ అడగలేదు. చెవులయ్య అనే పొట్టేలుకు తెలివి ఎక్కువ. వాన ఎప్పుడొస్తుందో ముందే చెప్పేవాడు. కానీ ఆకు రాలినా వెళ్లి వాళ్లమ్మ వెనక నిలబడేవాడు. అప్పటికే ఆయనకు మనవలున్నారు.

గొర్రెలు బాగా ఆలోచించాయి. అదే వాటి పొరపాటు. ధైర్యమున్నవాణ్ణి ముందు, తెలివున్నవాణ్ణి వెనక పెడితే మందకు రెండూ ఉన్నట్టే కదా అని తేల్చాయి. మేకలు బండ మీద నిలబడి ఇదంతా విన్నాయట. నవ్వామని మేకలంటాయి, గొర్రెలు ఒప్పుకోవు.

"రెండూ ఒక్కరిలోనే ఉండాలి నాయనా" అంది అవ్వ.

"ఎప్పుడూ ఇదే పాటా అవ్వా" అంటూ అన్నీ మేతకు వెళ్లిపోయాయి.

వానాకాలం వచ్చింది. ఒక పొద్దున మంద వాగు దగ్గరికి చేరింది. ఆ ఏడు పుట్టిన పిల్లలన్నీ వెంట ఉన్నాయి. మోకాళ్ల నొప్పితో అవ్వ బాగా వెనకబడింది. ఇక్కడ ఆకాశం తేటగానే ఉంది. కానీ చీమలు గుడ్లు మోసుకుంటూ గట్టెక్కుతున్నాయి.

కొమ్ములయ్య ఆ చీమలను తొక్కుకుంటూ వాగులో దిగాడు.

మంద చివరినుంచి చెవులయ్య చీమలను చూశాడు. కొండల్లో వాన పడిందని, వరద వస్తోందని అర్థమైంది. చెప్పాలంటే ముందుకు వెళ్లాలి. వెళితే కొమ్ములయ్య పొడుస్తాడేమో. ఆయనకూ తెలిసే ఉంటుందిలే అనుకుని నోరు మూసుకున్నాడు.

మంద నడి వాగులో ఉండగా ఎర్రనీళ్లు వచ్చిపడ్డాయి. పెద్దవి ఈదుకుని ఒడ్డున పడ్డాయి. పిల్లలు కొట్టుకుపోయాయి.

అప్పుడే వచ్చిన అవ్వ ఆ మోకాళ్లతోనే దూకింది. తలతో నెట్టి కొన్ని పిల్లలను గట్టుకు చేర్చింది. ఇంకో పిల్ల కోసం వెనక్కి తిరిగింది. మళ్లీ రాలేదు.

మధ్యాహ్నానికి వరద తీసింది. ఎండ కాసింది. తల్లులు పిలిచి పిలిచి ఊరుకున్నాయి.

"నాకు తెలుసు. చెప్పలేదు" అన్నాడు చెవులయ్య.

మందంతా కొమ్ములయ్య వైపు చూసింది, పొడుస్తాడేమోనని. ఆయన కదల్లేదు.

"చెప్పినా వినేవాణ్ణి కాదురా" అన్నాడు.

"చీమలను నేనూ చూశాను" అంది ఒక తల్లి గొర్రె మెల్లగా. నేనూ చూశానంది దాని పక్కది. ఆ మాట మంద చివరిదాకా పోయింది. చూడని గొర్రె లేదు.

ఇక ఒకదాని ముఖం ఒకటి చూడలేకపోయాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పక్కనున్నదాని కడుపు కింద పెట్టుకున్నాయి.

అప్పటినుంచే మిట్టమధ్యాహ్నం గొర్రెలు గుంపుగా నిలబడి, ఒకదాని కడుపు కింద ఒకటి తల దాచుకుంటున్నాయి. నీడ కోసమని కాపరులంటారు. గొర్రెలు కాదనవు.