బండి వెనక పలక

"బండి తోలేవాడు ముందుకు చూస్తాడు. మరి వెనక పలక మీద ఇంత నగిషీ ఎవరి కోసం, గురువుగారూ?"

యోస్ట్ ఈ మాట ఊసుపోక అడగలేదు. హాలండు దేశంలో పొలం బండ్లు చేసే లాంబర్ట్ దగ్గర అతను చెక్కడం నేర్చుకుంటున్నాడు. చలికాలమంతా నడుం వంచి ఒక రైతు బండికి వెనక పలక చెక్కాడు. ద్రాక్షతీగ, రెండు హంసలు, అంచున పసుపు రంగు. రైతు ఆ ఉదయం సంతలో బండి అందుకున్నాడు. చక్రాలు తట్టి చూశాడు, వంగి ఇరుసు చూశాడు, ఎక్కి వెళ్లిపోయాడు. పలక వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు! యోస్ట్ మనసు విరిగిపోయింది. ఇంటికి చేరగానే ఉలి గురువుకు అప్పగించి, రేవులో మూటలు మోసుకుని బతకాలని తీర్మానించుకున్నాడు.

సంత నుంచి తిరిగి వస్తున్న తమ సొంత బండిలో పక్కనే కూర్చున్న లాంబర్ట్‌కు వాదనలు గిట్టవు. "ముందు బండి సరిగా తోలు," అన్నాడు.

తిరుగుదారి సన్నని కాలువగట్టు. అటూ ఇటూ లోతు నీళ్లు. ఆ దేశపు బండ్లకు పొడవాటి నొగ ఉండదు. ముందువైపు పొట్టి వంకరకొయ్య ఒకటి ఉంటుంది, దాన్ని కాలితో నెట్టుతూ బండిని మలపాలి. కాలు తడబడిందా, గుర్రంతో సహా కాలువలోకే. సగం దూరం వచ్చేసరికి పొగమంచు కమ్ముకుంది. గట్టేదో నీళ్లేవో తెలియలేదు. ఆగుదామంటే గుర్రం బెదిరి పక్కకు లాగుతోంది. యోస్ట్‌కు పైప్రాణాలు పైనే పోయాయి.

అంతలో ఎదర, మంచులో ఒక పసుపు అంచు కనిపించింది. ఎవరిదో పాత బండి. దాని పలక మీద ముక్కు అరిగిన సింహం, చుట్టూ ఎర్రని పువ్వులు. యోస్ట్ దాన్నే ఆనవాలుగా పెట్టుకుని చూపు తిప్పకుండా తోలాడు. సింహం ఎడమకు ఒరిగితే కాలితో ఎడమకు నెట్టాడు, కుడికి ఒరిగితే కుడికి. కాసేపటికి భయం కూడా మరిచి ఆ చెక్కడాన్నే చూడసాగాడు. ఎవరు చెక్కారో గాని, జూలులో ఒక్క వెంట్రుక దగ్గరా తొందరపడలేదు.

మంచు పలచబడింది. ముందు బండిలో ముసలి రైతు పొగాకు గొట్టం పీలుస్తూ కులాసాగా పోతున్నాడు. ఆయన గుర్రానికి ఆ దారి కొట్టినపిండి. వెనకాల ఇద్దరి ప్రాణాలు తన బండిని నమ్ముకుని వచ్చాయని ఆయనకు తెలియనే తెలియదు.

యోస్ట్ కళ్లు చెమ్మగిల్లాయి. "ఆయన్ని కేకేస్తాను, గురువుగారూ! ఆ పలకను ఒక్కసారి తిరిగి చూసుకోమంటాను."

లాంబర్ట్ అతని భుజం పట్టి ఆపాడు.

"వద్దురా. గట్టింకా దాటలేదు, వెనక్కి తిరిగితే ఆయన కాలు జారుతుంది. ఆయన్ని ముందుకే చూడనీ. నువ్వు మాత్రం రేపు పెందలాడే పనిలోకి రా."