ఆగయ్య పళ్ళెం

ఏసుదాసు సార్‌ను ప్రశ్న అడిగేవాడు ముందుగా చెప్పులు తొడుక్కోవాలి. కూర్చున్న చోట సమాధానం చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఒకప్పుడు గోల్స్ కొట్టి పేరు తెచ్చుకుని, నలభై ఏళ్ళుగా సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ నేర్పుతున్న ఆ పెద్దమనిషి, అడిగినవాణ్ణి ఎక్కడికో నడిపించుకుపోతాడు, అంతే.

ఆ ఆదివారం అడిగినవాడు ఆయన శిష్యుడు ఐలేశ్. తొమ్మిదేళ్ళుగా మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతున్నాడు. ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి గుంజుకుని, ఖాళీగా ఉన్న తనవాడికి అందించి, మళ్ళీ పరుగెత్తడమే అతని ఆట. గొడ్డులా కష్టపడేది అతను, పేపర్లో బొమ్మ పడేది గోల్ కొట్టినవాడిది. ఇప్పుడు మోకాలు మొరాయిస్తోంది. క్లబ్బు ఇక వద్దంది. వేరే ఊరి చిన్న టీమొకటి రమ్మంటోంది. వెళ్ళాలో, ఆటకే దండం పెట్టాలో తేల్చుకోలేక వచ్చాడు.

"అందరికి అందిచ్చినోనికి ఆఖర్కి ఏం మిగుల్తది సార్?" అన్నాడు. కడుపు మండి అడిగిన మాట అది.

సార్ లేచి లాలాగూడలో ఒక ఇంటిదాకా నడిపించాడు. తను గోల్స్ కొట్టిన రోజుల్లో వెనకనుంచి బంతి అందించిన ఆగయ్య ఇల్లది. ఐలేశ్ ఆ పేరు ఎన్నడూ వినలేదు. ఎవరు విన్నారు గనక!

సార్ గడప అవతలే ఆగి, ఐలేశ్‌ను లోపలికి పంపాడు. ఆగయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. మతిమరుపు జబ్బు మనిషిని తినేసింది. "ఎవరమ్మా నువ్వు?" అని కన్నకూతుర్నే అడుగుతున్నాడు. స్వరూప అలవాటైన నవ్వొకటి నవ్వి, ఒలిచిన బత్తాయి తండ్రి చేతికిచ్చింది. ఆయన దాని వంక చూడనైనా లేదు. భుజం మీదుగా ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. గోడవార చేతులు ఖాళీగా నిలబడ్డ ఐలేశ్ కనబడగానే టక్కున అతని చేతిలో పెట్టేశాడు.

ఐలేశ్ ఆ చూపును గుర్తుపట్టాడు. బంతి కాలికి తగలకముందే, ఖాళీగా ఉన్నదెవరా అని తాను రోజూ చూసే చూపు అది.

"బువ్వ గూడ గంతే అన్నా," అంది స్వరూప. "ఎవరుంటె వాళ్ళకే ఇస్తడు. మొదట్ల ముద్దుగనే అనిపిచ్చింది. ఇప్పుడు ఒంట్ల ఏం మిగల్లే, సూడు. గందుకే పళ్ళెం పెట్టి బయటికి పోతం. ఎవ్వరు కనవడకుంటెనే ఇంత తింటడు."

పప్పన్నం కలిపి ముందు పెట్టి, ఐలేశ్‌ను తీసుకుని బయటికొచ్చేసింది. సార్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ప్రతి ఆదివారం వచ్చే మనిషి, ఎక్కడ నిలబడాలో ఆయనకు తెలుసు. ఐలేశ్‌కు తెలియదు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

ముసలాయన ముద్ద పట్టుకుని అటూ ఇటూ చూశాడు. మళ్ళీ చూశాడు. ఇక ఎవరూ రారని ఎప్పటికో తెలిసినట్టు, ముద్దను మెల్లగా నోటిదాకా తెచ్చుకున్నాడు. ఐలేశ్‌కు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకోబోయి చెయ్యెత్తాడు. ఆ కదలిక లోపలికి కనబడింది. ముద్ద ఆగిపోయింది. ముసలాయన మొహం వెలిగింది. చెయ్యి కిటికీ వైపు చాచాడు.

సార్ శిష్యుడి భుజం పట్టి గోడ చాటుకు లాగాడు.

"జరుగు బిడ్డా. నువ్వు కనవడితే ఆయన తినడు."